రిపోర్టులన్నీ నార్మల్... మరి ఆ కడుపునొప్పి ఎక్కడిది?

విశాఖపట్నంలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల మహారాణిపేట వీధుల్లోనూ, రామ్‌నగర్ ఆసుపత్రుల దగ్గరా ఏ ఉదయం చూసినా చంకలో ప్లాస్టిక్ ఫైలు పెట్టుకుని తిరిగేవాళ్లు కనిపిస్తారు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో తొలి బస్సుకు దిగినవాళ్లు కొందరు, గాజువాక, గోపాలపట్నం నుంచి వచ్చినవాళ్లు కొందరు. ఆ ఫైళ్లలో ఒక రకం ఫైలు ఉంటుంది. రెండు మూడు స్కానింగులు, ఒక ఎండోస్కోపీ, ఒక్కోసారి కొలనోస్కోపీ, బోలెడన్ని రక్త పరీక్షలు. అన్నిటి అడుగునా ఒకే మాట: నార్మల్. ఆ ఫైలు మోసే మనిషికి మాత్రం ఏళ్ల తరబడి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. నాలుగు రోజులు విరేచనాలు, తర్వాత నాలుగు రోజులు మలబద్ధకం. సాయంత్రమయ్యేసరికి పొట్ట ఉబ్బి నడుం దగ్గర బట్టలు బిగుసుకుపోతాయి.

"ఏమీ లేదని డాక్టరే చెప్పారు కదా, ఊరికే టెన్షన్ పడకు" అంటారు ఇంట్లోవాళ్లు. ఆ మాటతో నొప్పి తగ్గదు సరికదా, తను చెప్పేది ఎవరూ నమ్మడం లేదన్న బాధ కూడా తోడవుతుంది. ఇలాంటి ఫైళ్లు చాలావాటి వెనక ఉండే జబ్బు పేరు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పొట్టిగా ఐబీఎస్. ఇది ఉత్తుత్తి జబ్బు కాదు. స్కానింగులో ఎందుకు కనపడదో తెలిస్తే సగం భయం పోతుంది.

పరీక్షలకు అందనిది

స్కానింగు, ఎండోస్కోపీ చూసేది పేగు ఆకారాన్ని. పుండు ఉందా, వాపు ఉందా, గడ్డ ఉందా, ఎక్కడైనా సన్నబడిందా అని. ఐబీఎస్‌లో ఆకారం బాగానే ఉంటుంది, తేడా అంతా పనితీరులో వస్తుంది. మద్దిలపాలెం జంక్షన్‌ని మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే రోడ్డు బాగుంటుంది, సిగ్నల్ లైట్లు బాగుంటాయి. ఆ లైట్లు పడే టైము తప్పితే సాయంత్రం ఆరింటికి ఏమవుతుందో ఆ ఫొటో చెప్పదు.

మన చిన్నపేగు సుమారు 6 మీటర్లు, పెద్దపేగు ఒకటిన్నర మీటరు. ఇంత పొడవునా గోడల్లోని కండరాలు అలల్లా బిగుసుకుంటూ, వదులవుతూ లోపలి పదార్థాన్ని ముందుకు తోస్తుంటాయి. ఈ పని నడిపేందుకు పేగు గోడలోనే 10 కోట్లకు పైగా నాడీకణాల వల ఉంది. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా తయారయ్యేది పేగులోనే. మనసుకు సంబంధించిన రసాయనంగా మనం విన్న ఆ సెరటోనినే పేగు కదలికలకూ సంకేతాలు ఇస్తుంది. ఐబీఎస్‌లో ఈ అలల లయ తప్పుతుంది. వేగం పెరిగితే నీరు పీల్చుకునే వ్యవధి లేక విరేచనాలవుతాయి. నెమ్మదిస్తే నీరంతా ఇంకిపోయి మలం గట్టిపడుతుంది. రెండూ మార్చి మార్చి వచ్చేవాళ్లూ ఉన్నారు.

లయ కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 1973లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పెద్దపేగు చివరి భాగంలో చిన్న బుడగను ఉంచి, మెల్లగా గాలి నింపుతూ పోయారు. 60 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ కప్పు కంటే తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అంతకు నొప్పి తెలిసినవాళ్లు చాలా కొద్దిమంది. ఐబీఎస్ ఉన్నవాళ్లలో సగానికి పైగా నొప్పి అన్నారు. బుడగ అదే, గాలి అంతే, నొప్పి వేరు. తర్వాత జరిగిన ఎన్నో అధ్యయనాలు ఇదే చూపాయి. వీళ్ల పేగు నాడులు మామూలు సాగుదలను కూడా నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. అందుకే "నాకు ఒళ్లంతా గ్యాసే" అని వాపోయే మనిషి కడుపులో తీరా కొలిస్తే చాలాసార్లు పక్కవాడి కడుపులో ఉన్నంత గ్యాసే ఉంటుంది. పక్కవాడికి తెలియదు, ఇతనికి తెలుస్తుంది. అతను అబద్ధం చెప్పడం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఎక్కడ మొదలవుతుంది

2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న పట్టణంలో తాగునీరు కలుషితమై 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. పరిశోధకులు ఆ ఊరివాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. అప్పట్లో విరేచనాలతో మంచానపడ్డవాళ్లలో రెండు మూడేళ్ల తర్వాత 36 శాతం మందికి ఐబీఎస్ లక్షణాలున్నాయి. జబ్బుపడని వాళ్లలో అది 10 శాతం దగ్గరే ఉంది. జబ్బుపడ్డవాళ్లందరినీ కలిపి చూస్తే మొదట్లో 28 శాతంగా ఉన్న లెక్క 8 ఏళ్లు గడిచేసరికి 15కి దిగింది. అంటే క్రిములు పోయినా పేగు ఆ దెబ్బను గుర్తుపెట్టుకుంటుంది. గోడలోని రక్షణ కణాలు అప్రమత్తంగానే ఉండిపోయి పక్కనున్న నాడులను రేపుతుంటాయి. చాలామందికి మెల్లగా తగ్గుతుందన్న ఊరట కూడా ఆ లెక్కలోనే ఉంది.

వానాకాలం మొదట్లో కొళాయి నీళ్లు రంగు మారడం, వీధిలో నలుగురైదుగురికి ఒకేసారి జిగట విరేచనాలు పట్టుకోవడం మన దగ్గర కొత్త కాదు. "ఆ ఏడాది జ్వరంతో మోషన్స్ అయ్యాయి, అప్పటినుంచీ నా కడుపు నా మాట వినడం లేదు" అనే మాట వైద్యులు తరచూ వింటారు. ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఇక టెన్షన్ సంగతి. పరీక్ష హాలు ముందు, ఇంటర్వ్యూ గది బయట కడుపు కదలడం అందరికీ అనుభవమే. ఒత్తిడిలో పుట్టే హార్మోన్లు జీర్ణాశయాన్ని నెమ్మదింపజేసి పెద్దపేగును పరుగులు పెట్టిస్తాయి. ఐబీఎస్ ఉన్నవాళ్లలో ఈ స్పందన మరీ ఎక్కువ. అయితే మెదడుకూ పేగుకూ మధ్య ఉన్న వేగస్ నాడిలో అత్యధిక తంతువులు కబురు మోసేది కింది నుంచి పైకే. పేగు బాగాలేకపోతే మనసు కుంగుతుంది, మనసు కుంగితే పేగు ఇంకా రేగుతుంది. కాబట్టి "అంతా నీ టెన్షన్ వల్లే" అనడం అర్ధసత్యం, అందులోనూ మనిషిని గాయపరిచే సగం.

విశాఖలాంటి ఊళ్లో ఇంకో కారణాన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. స్టీల్‌ప్లాంటు, పోర్టు, పరవాడ ఫార్మా కంపెనీలు, ఆసుపత్రి వార్డులు అన్నీ షిఫ్టుల మీద నడిచేవే. ఒక వారం 'ఏ' షిఫ్టు, అంటే పొద్దున డ్యూటీ; మరో వారం 'సీ' షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ. పేగుకు సొంత గడియారం ఉంది. రాత్రి నిద్రపోతుంది, తెల్లవారుతూనే లేస్తుంది. పొద్దున్నే మోషన్ రావడం అందుకే. మారుతూ ఉండే షిఫ్టుల్లో పనిచేసే నర్సులను పరిశీలించినప్పుడు, పగటి డ్యూటీ మాత్రమే చేసేవాళ్లకంటే వాళ్లలో ఐబీఎస్ ఎక్కువగా కనిపించింది. రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో బిర్యానీ తిని, పొద్దున ఎనిమిదింటికి పడుకుని, మళ్లీ వారానికి అదంతా తిరగేసే మనిషి పేగు తికమకపడితే ఆ తప్పు అతనిది కాదు.

ఆ ఉద్యోగికి సొంత ఊరే వేరేలా కనిపిస్తుంది. గాజువాకలో బస్సెక్కే ముందు మూడుసార్లు బాత్రూంకి వెళ్లొస్తాడు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోతే నుదుటి మీద చెమట పడుతుంది. ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి ఉంది, ఏ హోటల్లో టిఫిన్ తినకపోయినా లోపలికి రానిస్తారు అన్నది అతనికి నోటికొచ్చు. పెళ్లిళ్లకు వెళ్లడు. అరకు ట్రిప్పు అంటే ముందే రానంటాడు. ప్రాణం తీసే జబ్బు కాదు కదా అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఈ బస్సు ప్రయాణాన్ని ఒక్కసారి ఊహించుకోవాలి.

'గ్యాస్' అనే ఒక్క మాట

ఐబీఎస్‌ని గుర్తించడానికి ప్రపంచమంతా వాడే కొలబద్దను రోమ్ ప్రమాణాలంటారు. 2016లో వచ్చిన నాలుగో రూపం ప్రకారం గత 3 నెలలుగా సగటున వారానికి కనీసం ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పి మలవిసర్జనతో ముడిపడి ఉండడం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం రూపు మారడం అనే మూడింటిలో కనీసం రెండు కనిపించాలి. బాధ మొదలై 6 నెలలు దాటాలి. ఇదంతా మనిషి నోటితో చెబితే తెలిసేదే. ఏ యంత్రమూ చెప్పలేదు.

అంతకుముందు ప్రమాణాల్లో నొప్పితోపాటు, ఇంగ్లిషులో 'డిస్‌కంఫర్ట్' అనే మాట కూడా ఉండేది. 2016లో దాన్ని తీసేశారు. ఆ మాటకు ఒక్కో భాషలో ఒక్కో అర్థం రావడం, కొన్ని భాషల్లో సరైన మాటే లేకపోవడం అందుకు కారణం. తెలుగులో మన ఇబ్బంది దీనికి తిరగేసింది. మనకు ఒకే మాట ఉంది, అందులో అన్నీ ఉన్నాయి. తేన్పులు వస్తే గ్యాస్, గుండెల్లో మంట గ్యాస్, పొట్ట ఉబ్బితే గ్యాస్, నడుం పట్టేసినా గ్యాసే. ఆఖరికి గుండెపోటు నొప్పిని కూడా గ్యాస్ అనుకుని సోడా తాగి ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లున్నారు. మందుల షాపులో 'గ్యాస్ బిళ్ల' అని ఇచ్చే పాంటోప్రజోల్ తగ్గించేది యాసిడ్‌ని. పెద్దపేగు నొప్పికీ దానికీ సంబంధం లేదు. అది ఏళ్ల తరబడి పరగడుపున మింగుతూ ఐబీఎస్ తగ్గలేదని వాపోయేవాళ్లు ఎందరో.

సిగ్గు కూడా అడ్డుపడుతుంది. మలం గురించి డాక్టరుకు కూడా విడమరిచి చెప్పలేం. ఈ ఇబ్బంది అన్ని దేశాల్లోనూ ఉన్నదే, అందుకే బ్రిస్టల్ స్కేలు అనే ఏడు బొమ్మల పట్టిక వచ్చింది. మేక పెంటికల్లా విడివిడి ఉండలైతే ఒకటి, మెత్తగా నున్నగా ఉంటే నాలుగు, నీళ్లలా పోతే ఏడు. నోరు తెరవనక్కర్లేదు, వేలుపెట్టి చూపిస్తే చాలు.

ఐబీఎస్ కానివి

ఏది ఐబీఎస్ కాదో తెలియడం కూడా అంతే అవసరం. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, 45-50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పూర్తి పరీక్షలు చేయించుకోవాల్సిందే. మన దేశంలో పేగు టీబీ ఇంకా ఉంది, అది కూడా మొదట్లో ఇలాగే నొప్పితో, విరేచనాలతో వస్తుంది. యాభై దాటిన ఆడవాళ్లకు కొత్తగా పొట్ట ఉబ్బరం మొదలై తగ్గకపోతే అండాశయాలను పరీక్షించాలి. జనం నోట ఐబీఎస్, ఐబీడీ ఒకటైపోతుంటాయి. ఐబీడీ (ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్)లో పేగుకు నిజంగా పుండ్లు పడతాయి, దాని మందులు వేరు. ఐబీఎస్ ఐబీడీగా మారదు, క్యాన్సర్‌గానూ మారదు.

చిన్న కారణాలు కూడా చూసుకోవాలి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ చాలామందికి మోషన్స్ తెస్తుంది. పాలలోని లాక్టోజ్ దక్షిణాదిలో పెద్దవాళ్లు చాలామందికి అరగదు. రెండు వారాలు పాలు, పాలతో కలిపిన కాఫీ మానేసి చూస్తే ఆ గుట్టు తేలిపోతుంది. పెరుగు, మజ్జిగ అంత ఇబ్బంది పెట్టవు, తోడుపెట్టిన సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత తినేస్తాయి.

ఇక అమీబియాసిస్, అంటే అమీబా అనే క్రిమి వల్ల వచ్చే పేగు జబ్బు, అన్న ముద్ర. మలపరీక్షలో అమీబా తిత్తులు కనిపించాయని మెట్రోనిడజోల్ కోర్సు, ఆరు నెలలకు మళ్లీ కోర్సు. హాని చేసే అమీబా, హాని చేయని దాని కవల అమీబా మైక్రోస్కోపు కింద అచ్చం ఒకేలా ఉంటాయి. ఆ రెండూ వేర్వేరని వైద్యలోకం స్పష్టంగా గుర్తించి పాతికేళ్లు దాటింది. అయినా ఐబీఎస్ ఉన్న మనిషి పదేపదే ఆ బిళ్లలు మింగుతూనే ఉన్నాడు. పేగులోని మంచి సూక్ష్మజీవులకు ప్రతిసారీ దెబ్బే.

వంటింట్లో

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ఫాడ్‌మ్యాప్ అనే మాట తెచ్చారు. చిన్నపేగులో సరిగ్గా అరగక, నీటిని లాక్కుంటూ పెద్దపేగుకు చేరి అక్కడ పులిసే కొన్ని రకాల పిండి, చక్కెర పదార్థాలవి. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పప్పుధాన్యాలు, పాలు, జీడిపప్పు, కాలీఫ్లవర్, మామిడి వీటికి పుట్టిళ్లు. వీటిని అరిగించే ఎంజైములు కొన్ని మనుషులెవరికీ లేవు. మామూలు పేగు ఆ సాగుదలను పట్టించుకోదు, ఐబీఎస్ పేగు గోల చేస్తుంది.

ఈ జాబితా చూసి చాలామంది హడలిపోతారు. విశాఖ వంట ఇందుకు మరీ శత్రువేమీ కాదు. బియ్యంలో ఇవి దాదాపు ఉండవు. ఇడ్లీ పిండిలో మినప్పప్పు తక్కువ, పైగా పులియడంతో కొంత విరిగిపోతుంది. వంకాయ, బెండకాయ, క్యారట్, బొప్పాయి మామూలు మోతాదులో ఇబ్బంది పెట్టవు. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరం చేపలో ఫాడ్‌మ్యాప్ అసలే లేదు. బాధపెట్టేది ఆ పులుసులో వేసే ఉల్లిపాయ ముద్ద, కారం. మిరపకాయ ఘాటును పసిగట్టే నాడీ గ్రాహకాలు ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగులో ఎక్కువగా ఉన్నట్టు తేలింది కాబట్టి కారం తగ్గిస్తే చాలామందికి నొప్పి తగ్గుతుంది. బీచ్‌రోడ్డు మీద మురీ మిక్చర్ తిన్న రాత్రి కడుపు రేగితే, అనుమానించాల్సింది మరమరాలను కాదు, పచ్చి ఉల్లిపాయను.

వెల్లుల్లి లేకుండా పోపేమిటి అనేవాళ్లకు ఒక చక్కని మార్గం ఉంది. వెల్లుల్లిలో ఉండే ఈ పదార్థం నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. దంచకుండా రెండు రెబ్బలు నూనెలో ఎర్రగా వేయించి, రెబ్బలు తీసి పారేసి, ఆ నూనెతో పోపు పెడితే వాసన చారులోకి వస్తుంది, బాధ రాదు. అదే రెబ్బలు చారులో మరిగితే అందులోకి దిగిపోతుంది. ఉల్లి రుచి కోసం చిటికెడు ఇంగువ. శనగలు, అలసందలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది, ఇది జీవితాంతం చేసే పథ్యం కాదు. రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, ఫలితం ఉంటే ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకుని, ఏది ఎంత పడుతుందో చూసుకోవాలి. ఒకరికి ఉల్లి పడదు, మరొకరికి కందిపప్పు కప్పు నిండా తిన్నా ఏమీ కాదు, సువర్ణరేఖ మామిడి రెండు ముక్కలు తింటే చాలు, కడుపు రేగుతుంది. ఎవరో చెప్పారని అన్నీ మానేసి అన్నం, మజ్జిగతో ఏళ్లు గడిపితే మనిషి చిక్కిపోతాడు. డైటీషియన్ సాయం ఉంటే మంచిది. మలబద్ధకానికి గోధుమ తవుడు కొందరిలో ఉబ్బరం పెంచుతుంది. ఇసబ్‌గోల్ పొట్టు మేలు, చెంచాతో మొదలుపెట్టి నీళ్లు బాగా తాగుతూ మెల్లగా పెంచుకోవాలి.

మందు చీటీ మీద ఒక పేరు

నొప్పికి పేగు కండరాన్ని సడలించే మెబెవెరిన్ లాంటివి, విరేచనాలకు లోపెరమైడ్, కొందరికి పుదీనా నూనె క్యాప్సూళ్లు. ఇవి అందరికీ ఎంతోకొంత తెలిసినవే. గొడవ వచ్చేది అమిట్రిప్టిలిన్ దగ్గర. చీటీలో ఆ పేరు చూసి ఎవరో "ఇది డిప్రెషన్ మందు, పిచ్చి అనుకుంటున్నారు నిన్ను" అంటారు. ఆ మాటతో మందు మానేస్తారు. డిప్రెషన్‌కి దీన్ని వాడే మోతాదు చాలా పెద్దది. ఐబీఎస్‌లో 10 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. పేగు నుంచి మెదడుకు వెళ్లే నొప్పి కబురును తగ్గించడమే దాని పని. 2023లో ఇంగ్లండ్‌లో 463 మందిపై జరిపిన అట్లాంటిస్ అధ్యయనం, 6 నెలలు 10 నుంచి 30 మిల్లీగ్రాముల మధ్య వాడినవారికి ఉత్తుత్తి బిళ్ల వాడినవారికంటే మెరుగ్గా తగ్గిందని తేల్చింది. డాక్టరు పర్యవేక్షణలో వాడే ఈ మందును పక్కింటివాళ్ల మాట విని మానేయడం నిజంగా బాధాకరం. కౌన్సెలింగ్‌కి వెళ్లమంటే కూడా అంతే కోపం వస్తుంది. పేగు, మెదడు మాట్లాడుకునే తీరు చెడినప్పుడు వైద్యం రెండు వైపుల నుంచీ జరగడంలో తప్పేముంది?

2008లో 262 మంది ఐబీఎస్ రోగులతో ఒక ప్రయోగం జరిగింది. కొందరిని వెయిటింగ్ లిస్టులో ఉంచారు. కొందరికి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ చేశారు, అంటే సూదులు గుచ్చినట్టు నటించారంతే, మాటలు తక్కువ. ఇంకొందరికి అదే ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, కానీ ముందు 45 నిమిషాలు కూర్చుని బాధంతా విన్నారు. మూడు వారాల తర్వాత తగినంత ఉపశమనం దొరికిందన్నవాళ్లు వరసగా 28, 44, 62 శాతం. రోజుకు వంద మందిని చూసే ఓపీలో 45 నిమిషాలు ఎవరూ ఇవ్వలేరు. ఉన్న ఐదు నిమిషాలు వృథా కాకుండా చూసుకోవడం మాత్రం చేతిలో పని. ఫైలుతోపాటు రెండు వారాల నోటుపుస్తకం ఒకటి తీసుకెళ్తే చాలు, రోజుకు రెండు వరసలు:

"సోమవారం. సీ షిఫ్టు నుంచి వచ్చాక మూడుసార్లు, ఆరో నంబరు బొమ్మ. ఎడమవైపు నొప్పి, మోషన్ అయ్యాక తగ్గింది. రాత్రి పకోడీ, రెండు టీలు."

"గురువారం. సెలవు. ఒక్కసారే, నాలుగో నంబరు. నొప్పి లేదు. మజ్జిగన్నం, వంకాయ కూర."